ఒక తప్పు జవాబు, చలినీటి పగడాలు: నా ప్రిపరేషన్ అనుభవం

సివిల్స్‌కి చదువుతున్న మిత్రులకు ఎన్విరాన్‌మెంట్ గురించి ఒక అనుభవం చెప్పాలి. రెండో అటెంప్ట్ కోసం అశోక్‌నగర్‌లో గది తీసుకుని చదువుతున్న రోజులవి. ఒక టెస్ట్ సిరీస్‌లో 'సూర్యకాంతి అందని లోతుల్లోనూ పగడపు దిబ్బలు ఏర్పడతాయి' అనే స్టేట్‌మెంట్ వచ్చింది. ఆలోచించకుండా తప్పని కొట్టేశాను. వెచ్చని నీరు, తక్కువ లోతు, ఎండ ఉంటేనే పగడాలని నా నోట్స్‌లో ఎర్ర ఇంకుతో రాసుకున్నాను మరి. కీ చూస్తే స్టేట్‌మెంట్ కరెక్ట్.

ఆ రాత్రి పాత పేపర్లు తిరగేశాను. 2018 ప్రిలిమ్స్‌లో ప్రపంచంలోని పగడపు దిబ్బల్లో 'చాలావరకు' ఉష్ణమండల జలాల్లోనే ఉన్నాయన్న వాక్యం ఉంది. ఆ పేపర్ ఎన్నోసార్లు చేశాను. 'అన్నీ' అనకుండా 'చాలావరకు' అని ఎందుకన్నారో ఒక్కసారీ అడగలేదు. మిగిలినవి ఎక్కడున్నాయో వెతుకుతూ మూడు రోజులు ఆ టాపిక్ మీదే ఉండిపోయాను.

కారణం తెలిస్తే ఇందులో బట్టీ పట్టాల్సింది పెద్దగా ఏమీ లేదు. పగడం ఒక జంతువు. వెచ్చని నీటి పగడాల కణజాలంలో శైవలాలు (కంటికి కనిపించనంత చిన్న నాచు) ఉండి వాటికి ఆహారం అందిస్తాయి. ఎండ కావాల్సింది ఆ శైవలాలకు. నేను వెతికిన ఆ మిగిలినవి చలినీటి పగడాలు, అంటే ఎండ అందని చల్లని లోతుల్లో బతికేవి. వాటిలో ఆ శైవలాలు లేవు. ప్రవాహం మోసుకొచ్చే సూక్ష్మజీవులను, పైనుంచి రాలే సేంద్రియ రేణువులను టెంటకిల్స్‌తో పట్టుకుని తింటాయి. కాబట్టి వాటికి కావాల్సింది అంటుకోవడానికి గట్టి నేల, తిండి తెచ్చే ప్రవాహం. ఈ రెండూ గుర్తుంటే అవి ఎక్కడ ఉంటాయో మీరే చెప్పగలరు: సముద్ర పర్వతాల మీద, ఖండపు అంచుల దగ్గర, ఫియార్డుల (కొండల మధ్యకు చొచ్చుకొచ్చిన ఇరుకైన లోతైన సముద్రపు పాయల) గట్ల మీద.

ఉదాహరణకు నార్వేని పట్టుకోండి. అక్కడ దిబ్బలు కట్టే ప్రధాన పగడం లోఫీలియా పెర్ట్యూసా. ఇప్పుడు దాన్ని డెస్మోఫిలమ్ పెర్ట్యూసమ్ అంటున్నారు, రెండు పేర్లూ రాసుకోండి. సుమారు 4 నుంచి 12 డిగ్రీల నీటిలో పెరుగుతుంది. లోఫోటెన్ దీవుల దగ్గర 2002లో కనుగొన్న రోస్ట్ దిబ్బ 300–400 మీటర్ల లోతులో, 35 కిలోమీటర్లకు పైగా పొడవున ఉంది. ఈ కొమ్మల మధ్య యునీస్ అనే పురుగు ఒకటి గొట్టం కట్టుకుని ఉంటుంది. పగడం ఆ గొట్టం మీద సున్నపు పొర పోస్తుంది, దాంతో విడివిడి కొమ్మలు అతుక్కుని దిబ్బ గట్టిపడుతుంది. పరీక్షలో ఇది అడగకపోవచ్చు. కానీ చదివినప్పుడు నాకు ఒళ్లు పులకరించింది, ఇప్పటికీ మర్చిపోలేదు.

మనసు కలిచివేసిన భాగం దీని తర్వాతది. ఈ కొమ్మలు ఏడాదికి పెరిగేది 5 నుంచి 25 మిల్లీమీటర్లే. నార్వేలో కొన్ని దిబ్బల వయసు 8,000 ఏళ్లకు పైమాటే. అలాంటిదాని మీదుగా బాటమ్ ట్రాలింగ్ వల, అంటే సముద్రపు అడుగున ఈడ్చుకెళ్లే బరువైన వల, ఒక్కసారి వెళ్తే చాలు, ముక్కలవుతుంది. ఈ నష్టం గురించి ముందుగా గట్టిగా చెప్పినవాళ్లలో అక్కడి జాలరులు ఉన్నారు. తాము గాలపు తాళ్లతో చేపలు పట్టే చోట ట్రాలర్లు తిరిగాక చేప దొరకడం తగ్గిందన్నారు. తమ దిబ్బల్లో 30 నుంచి 50 శాతం దెబ్బతిని ఉంటాయని నార్వే శాస్త్రవేత్తలు అంచనా వేశారు. 1999లో సూలా దిబ్బ మీద ట్రాలింగ్ నిషేధించారు. స్కాట్లాండ్ వాయవ్యాన 1998లో కనుగొన్న డార్విన్ మౌండ్స్ అనే పగడపు గుట్టలకు 2003లో ఆ రక్షణ దొరికింది. యూరోపియన్ యూనియన్ 2016లో తన జలాల్లో 800 మీటర్ల కింద బాటమ్ ట్రాలింగ్‌నే ఆపేసింది. ఈ వరుసలోనే అడుగు వేట నుంచి లోతు సముద్రపు సున్నితమైన ఆవాసాలను కాపాడమన్న 2006 నాటి ఐక్యరాజ్యసమితి తీర్మానం 61/105, ఏ దేశానికీ చెందని సముద్రాల్లో జీవవైవిధ్య రక్షణ కోసం 2023లో ఆమోదం పొందిన హై సీస్ ఒప్పందం చదవండి. ఆ ఒప్పందంపై మన దేశం 2024 సెప్టెంబరులో సంతకం చేసింది.

బ్లీచింగ్ దగ్గర చాలామంది పొరబడతారు. బ్లీచింగ్ అంటే పగడం తనలోని శైవలాలను కోల్పోయి తెల్లబడటం. శైవలాలే లేని పగడానికి ఆ అర్థంలో బ్లీచింగ్ ఉండదు. హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ (సముద్ర సమాచారం ఇచ్చే కేంద్ర ప్రభుత్వ సంస్థ) ఇచ్చే బ్లీచింగ్ హెచ్చరికలకు ఆధారం ఉపగ్రహాలు కొలిచే సముద్ర ఉపరితల ఉష్ణోగ్రత. అవి లక్షద్వీప్, అండమాన్, మన్నార్ సింధుశాఖ వంటి చోట్ల ఉన్న దిబ్బల కోసం. లోతు పగడాలకు అసలు భయం ఆమ్లీకరణ, అంటే గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ను పీల్చుకుని సముద్రపు నీటి ఆమ్లత్వం పెరగడం. చల్లని, లోతైన నీటిలో సున్నం ఎలాగూ తేలిగ్గా కరుగుతుంది. 2100 నాటికి, తెలిసిన చలినీటి పగడపు ప్రాంతాల్లో దాదాపు 70 శాతం సున్నాన్ని కరిగించే నీటిలో చిక్కుకుంటాయని 2006లో ఒక అంచనా వచ్చింది.

2019 మెయిన్స్ జీఎస్-1లో పగడాల జీవ వ్యవస్థపై గ్లోబల్ వార్మింగ్ ప్రభావం అడిగారు. ప్రాక్టీస్‌లో దానికి రాసిన మొదటి జవాబు నిండా బ్లీచింగే. రెండోసారి చలినీటి పగడాల మీద నాలుగు వాక్యాలు చేర్చాను. పేపర్ దిద్దిన సీనియర్ అన్న ఒకచోట గీత గీశారు: 'ఆమ్లీకరణ వార్మింగ్ వల్ల వచ్చేది కాదు, రెండింటికీ మూలం ఒకే కార్బన్ డయాక్సైడ్. ముందు ఆ మాట రాసి, తర్వాత నార్వేకి వెళ్లు.' మూడోసారి అలాగే రాశాను.