బత్తాయి తోట గేటు గాలికి నిలబడేదాకా

నల్లగొండ జిల్లా కనగల్ దిక్కు ఉన్న మా బత్తాయి తోటకు గేటు పడమటి ముఖంగా ఉంటది. బాట అటే ఉన్నది, వేరే దిక్కు పెట్టే వీలు లేదు. ఆ గేటుకు యేటా రెండు గండాలు. ఎండాకాలం చివర్ల మబ్బు పట్టి ఒక్కపారి లేచే గాలిదుమారం ఒకటి, మిరుగు (మృగశిర కార్తె) దాటినంక ఆషాఢమంతా వీచే పడమటి గాలి రెండోది. దుమారం కాసేపట్ల పోతది గాని దొరికింది పీక్కొని పోతది. ఆషాఢం గాలికి ఆ తొందర లేదు. రాత్రీ పగలూ గేటును ఊపి ఊపి వెల్డింగు అతుకులు వదులు చేస్తది.

మాది రెండు రెక్కల గేటు. ఒక్కో రెక్క 5 అడుగుల వెడల్పు, 6 అడుగుల ఎత్తు. యాంగిల్ ఫ్రేముకు నిండుగ రేకు. మేకలు దూరొద్దని, బాట మీద పోయేటోళ్ల కండ్లు కాయల మీద పడొద్దని మా బాపు అట్ల చేయించిండు. రోహిణిల వచ్చిన దుమారానికి బేడం (గడియ) పట్టీ అతుకు కాడ తెగింది, రెక్క లోపలికి కొట్టుకొని పై కబ్జా, అంటే రెక్క తిరిగే ఇనుప కీలు, వంగింది. తెల్లారేసరికి మంద తోటల ఉన్నది. పోయిన యేడు పెట్టిన అంట్ల చిగురంతా మేసినయ్. కాయ పోతే ఒక్క కాపే పోతది, అంటు చిగురు పోతే చెట్టు ఎదుగుడే వెనకబడుతది.

సలహాలకు కొదవ లేదు. పక్క తోట కాక "పెద్ద తాళం ఎయ్‌రా" అన్నడు. ఇంకొకాయన గొలుసు చుట్టుమన్నడు. గొలుసు కట్టి చూసిన. ఎంత బిగించినా బెత్తెడు వదులు ఉంటనే ఉన్నది, ఆ బెత్తెడు దూరం రెక్క ఉరికొచ్చి గుంజుతున్నది. ఊరికె ఒత్తే గాలి కంటె ఈ గుంజుడే అతుకులకు ఎక్కువ చేటు.

లెక్క చెప్పింది మా మేనల్లుడు. పాలిటెక్నిక్‌ల సివిల్ చదివిండు. "మామా, గాలి వేగం సెకనుకు ఎన్ని మీటర్లో చూడు, దాన్ని దానితోనే గుణించు, మళ్ల 0.6తో గుణించు. చదరపు మీటరు మీద ఎన్ని న్యూటన్ల ఒత్తిడో వస్తది" అన్నడు. ఇండ్లు కట్టేటప్పుడు చూసే ఐఎస్ 875 అనే భారత ప్రమాణం మూడో భాగంల ఉన్న సూత్రమేనట. గంటకు 30 కిలోమీటర్ల గాలికి మా ఒక్క రెక్క మీద సుమారు 12 కిలోల తోపుడు వచ్చింది. 60 కిలోమీటర్లకు అది రెట్టింపు కాలేదు, 47 కిలోలయింది. వేగం రెండింతలయితే తోపుడు నాలుగింతలన్నట్టు. ఇదంతా రెండు కబ్జాలు, ఒక్క బేడం మొయ్యాలె. పైగా మా గేటు లోపలికి తెరుచుకునేది, గాలి బయటి నుంచి వచ్చేది. రెక్క ఆనుకోనికి ఏం లేదు.

అందుకని ముందుగాల రేకు పీకేద్దామన్న. వెల్డింగాయనకు మనసొప్పలేదు. "ఇంత మంచి రేకు తీసేస్తవా అన్నా? పైనుంచి ఇంకో పట్టీ ఏస్తె ఆగుతది గద" అన్నడు. పట్టీలు పెంచుకుంట పోతే బరువుకు గేటును మోసే రాతి కడీలే (స్తంభాలే) ఒరుగుతయ్. రేకు తీసి 2 అంగుళాల గళ్ల వెల్డ్ మెష్ కొట్టించిన. గాలి దాంట్ల నుంచి పోతది, మేకపిల్ల తల కూడ పట్టది. బాపు మాత్రం "కాయలు కనబడుతయ్ గద రా" అని పచ్చ నెట్టు కట్టుమన్నడు. షేడ్ నెట్ కడితే మళ్ల గాలిపటమే, తీసిన రేకు మళ్ల పెట్టుకున్నట్టే. గేటుకు పది గజాలు లోపల గోరింట చెట్లు రెండు వరుసలు పెట్టిస్తనని ఒప్పించిన.

రెండో పని, రెక్కలు బయటికి తెరుచుకునేటట్టు తిప్పుడు. బాటకు గేటుకు నడుమ మాది కొంత జాగ ఉన్నది కాబట్టి నడిచింది, రెక్క బాట మీదికి వచ్చేదుంటే తిప్పొద్దు. ఇప్పుడు లోపలి దిక్కు నడుమల యాంగిల్ ముక్క పాతినం, పడమటి గాలి ఎంత తోస్తే రెక్కలు దానికి అంత గట్టిగ ఆనుతయ్. కబ్జాలు ఎట్లాగూ మారుస్తున్నం గనుక పై కబ్జా పిన్నును తలకిందులుగ పెట్టించిన. కింద నుంచి గాలి ఎత్తినా, ఎవడన్న ఎత్తినా రెక్క ఊడి రాదు.

దుమారం మాత్రం ఏ దిక్కు నుంచైన వస్తది. దానికోసం రెండు రెక్కలకూ నేలలకు దిగే 16 ఎంఎం కడ్డీలు పెట్టించిన. ఈ పని కాడ నేను పక్కనే కూసున్న. గడ్డపారతోని బొక్క పొడిచి "ఇగో అన్నా, అయిపాయె" అనుడు వాళ్లకు అలవాటు. మాది చల్క (ఎర్ర ఇసుక) నేల, రెండు వానలకే ఆ బొక్క గిలాసంత వెడల్పయితది. అడుగున్నర లోతు గుంత తీయించి, అడుగున ఇంత కంకర పోసి, దాని మీద అంగుళం జీఐ పైపు నిలబెట్టి, చుట్టు 1:2:4 (ఒక పాలు సిమెంటు, రెండు ఇసుక, నాలుగు కంకర) కాంక్రీటు పోయించిన. పైపు అడుగు మూయొద్దు. మూస్తే మట్టి పేరుకొని కడ్డీ సగమే దిగుతది, మనం మాత్రం పడ్డదనుకుంటం. పైపు మూతి కాంక్రీటు కంటె గోరంత పైకి ఉండాలె, లేకుంటె వాన నీళ్లు మట్టిని లోపలికి తోస్తయ్. గేటు మూసి కడ్డీ దించే పోసినం, మధ్యమధ్యల కడ్డీని తిప్పుకుంట ఉన్నం. తర్వాత వారం రోజులు తడి గోనెసంచి కప్పిన. అన్నిట్ల తక్కువ ఖర్చయింది దీనికే, ఎక్కువ ఆసరా కూడ ఇదే.

బయటికి తిప్పినందుకు కొత్త తిప్పలొకటి వచ్చింది. కాయ లోడుకు డీసీఎం లారీ వచ్చినప్పుడు తెరిచి పెట్టిన రెక్కను గాలి మూయనికి చూస్తది. మునుపటోలె రాయి అడ్డం పెడితే ఆగదు. రెండు దిక్కులా పొట్టి కడీలు పాతి, వదులు లేకుండ పట్టే కొక్కేలు పెట్టించిన. రెక్కలు కలిసే కాడ పాత టైరు ట్యూబు ముక్క బిగిస్తే గడగడ తగ్గింది. అతుకులన్నిటికి రెడ్ ఆక్సైడ్ కొట్టినం, తుప్పు మొదలయ్యేది అక్కడ్నే.

పక్కన మనిషి పోయే చిన్న గేటు ఒకటి మిగిలింది. మోటరు వేయనికి వచ్చేటోళ్లు దాన్ని మూయకుండనే పోతరు. పై కబ్జాను కడీకి కొంచెం ఎడంగ, కిందిదాన్ని దగ్గరగ బిగిస్తె రెక్క దాని బరువుకు అదే వచ్చి మూసుకుంటదట. సీజన్ కాయ తెంపుడు అయినంక వచ్చి చేస్తనన్నడు వెల్డింగాయన.