హూసవిక్‌లో తిమింగలాల తోకల ఫొటోలు: పని ఎంతవరకు వచ్చిందంటే

ఐస్‌లాండ్ ఉత్తర తీరంలో, ఆర్కిటిక్ వలయానికి కాస్త దిగువన, రెండు వేల పైచిలుకు జనం ఉండే ఊరు హూసవిక్. ఊరి ముందున్న స్క్యాల్ఫాండి అఖాతంలోకి వేసవిలో హంప్‌బ్యాక్ తిమింగలాలు మేతకొస్తాయి. వచ్చినవాళ్లంతా అవి నీళ్లలోంచి ఎగిరి దూకే ఫొటో కోసం చూస్తుంటారు, నాకు మాత్రం తోక అడుగుభాగం కావాలి. అక్కడి నలుపు తెలుపు మచ్చలు ఏ రెండు తిమింగలాలకీ ఒకేలా ఉండవు కాబట్టి వాటిని బట్టే ఏది ఏదో గుర్తుపడతారు.

ఈసారి టైమింగ్ బాగా కుదిరింది. హంప్‌బ్యాక్ పైకొచ్చాక వరసగా కొన్నిసార్లు ఊపిరి వదులుతుంది, అంతసేపూ వీపు చదునుగానే ఉంటుంది, తోక రాదు, అప్పుడు ఫొటోలు తీసి కార్డు నింపుకోవడం దండగ. లోతుకి దిగే ముందు వీపుని బాగా పైకి వంచుతుంది, అది కనపడగానే బటన్ నొక్కిపట్టి ఉంచితే తోక లేచి మళ్లీ మునిగేదాకా మొత్తం వచ్చేస్తుంది. ఆ తర్వాత మళ్లీ పైకి రావడానికి చాలా నిమిషాలు పట్టొచ్చు, లెన్స్ మీద ఉప్పు తుంపర తుడుచుకునేది అప్పుడే.

ఇంకో సంగతి, తిమింగలం మనకి ఎదురుగా వస్తుంటే తోక పైభాగమే కనిపిస్తుంది, ఫొటో ఎంత బాగున్నా గుర్తింపుకి పనికిరాదు. అది మన నుంచి దూరంగా వెళ్తూ మునగాలి. వెలుతురు కూడా చూసుకోవాలి. అఖాతానికి అవతల, పడమటి వైపు కొండలున్నాయి. పొద్దున ట్రిప్పులో వాటివైపు చూస్తే సూర్యుడు మన వెనకుంటాడు, మచ్చలు స్పష్టంగా వస్తాయి. సాయంత్రం అదే వైపు చూస్తే తోక నల్లటి నీడలా పడుతుంది, కానీ ఊపిరి తుంపర మాత్రం వెలిగిపోతుంది. రెండూ కావాలంటే రెండు టికెట్లు కొనాల్సిందే, జేబుకి చిల్లే!

నేను వాడుతున్నది 100-400 మి.మీ. జూమ్ లెన్స్, షట్టర్ వేగం 1/1600 సెకనుకి తగ్గకుండా, ఐఎస్ఓ (వెలుతురుకి కెమెరా స్పందించే స్థాయి) ఆటోలో. ఓక్ చెక్కతో చేసిన పాత పడవల ట్రిప్పు సుమారు మూడు గంటలు, డెక్ మీద అటూ ఇటూ నడవొచ్చు కాబట్టి నా ఓటు వాటికే. రబ్బరు స్పీడ్ బోట్లు త్వరగా వెళ్తాయి గానీ ఆ ఎగిరిపాటులో పొడవాటి లెన్స్ నిలవదు. తిమింగలం ఎటుందో గైడ్ గడియారం లెక్కన అరుస్తారు, పడవ ముక్కు పన్నెండు, కుడిచెయ్యి వైపు మూడు. ఇది ముందే బుర్రలో ఉండాలి. చలికి ఓవరాల్ వాళ్లే ఇస్తారు, వేళ్లు బయటికొచ్చే గ్లౌజులు, వాంతులు రాకుండా మాత్ర మనమే తెచ్చుకోవాలి. స్పేర్ బ్యాటరీ లోపలి జేబులో పెట్టుకుంటే త్వరగా డౌన్ అవదు.

ఉత్తర ఐస్‌లాండ్‌లోని పెద్ద ఊరు అకురేరి నుంచి కారులో సుమారు 75 కిలోమీటర్లు. దారిలో ఏడు కిలోమీటర్లకి పైగా ఉన్న సొరంగానికి టోల్ ఉంది, బూత్ ఉండదు, ఆన్‌లైన్‌లో కట్టేయాలి. గాలి పెరిగితే ట్రిప్పులు క్యాన్సిల్ చేస్తారు కాబట్టి కనీసం రెండు రాత్రులు ఉండేలా ప్లాన్ చేసుకోండి. అలాంటి రోజున తిమింగలాల మ్యూజియంకి వెళ్లా, ఒకప్పటి కబేళా భవనం అది, లోపల సుమారు 25 మీటర్ల నీలి తిమింగలం అస్థిపంజరం ఉంది, దాని పక్కన నిలబడితే గాని అసలు సైజు అర్థం కాదు. డెట్టిఫాస్ జలపాతానికీ ఇక్కడి నుంచే వెళ్లొచ్చు.

తిండి సంగతి, సూపర్ మార్కెట్లో దొరికే స్కిర్ మన గట్టి పెరుగులాగే ఉంటుంది, గెస్ట్‌హౌస్‌లో అన్నం వండుకుని ఆవకాయతో లాగించేశాం.

తోకల ఫొటోలు తేదీ, చోటు రాసి హ్యాపీవేల్‌లో పెట్టా, అది ఎవరైనా తీసిన ఫొటోలతో తిమింగలాల్ని గుర్తించే వెబ్‌సైట్. అక్కడ సాఫ్ట్‌వేర్ పాత ఫొటోలతో పోల్చి చూస్తుంది. ఒకటి కలిసింది, అది ఇదే అఖాతంలో ముందు కూడా కనిపించిందట! మిగతావి చాలావరకు పక్కకి తిరిగిన తోకలే, వాటి మీద ఆశ లేదు.

తర్వాతది నీలి తిమింగలం. దానికి జూన్ ప్రాంతం మేలంటారు. అది తోక ఎత్తడం తక్కువ, పక్కభాగం మీది మచ్చలు, వీపు మీది చిన్న రెక్క బట్టే గుర్తుపడతారు, కాబట్టి పడవ దానికి సమాంతరంగా వెళ్తున్నప్పుడు తీయాలి. పొద్దున ట్రిప్పులే బుక్ చేస్తా.