డాగ్ ట్రైనింగ్ మొదలుపెట్టాలంటే సర్టిఫికెట్ ఉండాలా?

ముందు చట్టం సంగతి. మన దేశంలో కుక్కలకు ట్రైనింగ్ ఇవ్వడానికి ఏ సర్టిఫికెట్టూ తప్పనిసరి కాదు. 2017లో కేంద్రం తెచ్చిన నిబంధనలు కుక్కల్ని పెంచి అమ్మేవాళ్ళకి, 2018లో వచ్చినవి పెట్ షాపులకి. ట్రైనర్‌కి లైసెన్సు ఉండాలన్న మాట వాటిలో లేదు. జర్మనీలో అలా కాదు. అక్కడ 2014 ఆగస్టు నుంచి డబ్బు తీసుకుని ట్రైనింగ్ ఇవ్వాలంటే ప్రభుత్వ పశువైద్య శాఖ అనుమతి ఉండాల్సిందే. ఇక్కడ అడ్డు లేదు కదా అని కొట్టి నేర్పితే మాత్రం 1960 నాటి జంతు హింస నివారణ చట్టం కిందకి వస్తారు.

కస్టమర్లు కూడా సర్టిఫికెట్ అడగడం తక్కువే. "ఎన్ని రోజుల్లో నేర్చుకుంటుంది, ఎంతవుతుంది?" అంతే. అందుకే చాలామంది పది రోజుల కోర్సు చేసి, ఆ కాగితం ఫ్రేము కట్టించుకుని దిగిపోతున్నారు. ఆ కాగితం మీరు క్లాసుకు వెళ్ళారని చెబుతుంది, పని వచ్చని చెప్పదు.

అమెరికాలోని సీసీపీడీటీ అనే సంస్థ ట్రైనర్లకి ఇచ్చే సీపీడీటీ-కేఏ అనే సర్టిఫికెట్ తీరు వేరు. పరీక్షకు కూర్చోవాలంటే గత మూడేళ్ళలో కనీసం 300 గంటలు ట్రైనింగ్ ఇచ్చిన అనుభవం చూపించాలి. పాసైనా మూడేళ్ళకే గడువు. ఈలోగా కోర్సులూ సెమినార్లూ చేసి 36 క్రెడిట్లు సంపాదించాలి, లేదంటే మళ్ళీ పరీక్ష రాయాలి. నా దృష్టిలో దాని విలువంతా ఆ 300 గంటల్లోనే ఉంది. రోజుకు రెండు కుక్కలు, ఒక్కోదానికి గంట, వారానికి ఐదు రోజులు చొప్పున లెక్కేస్తే 30 వారాలు. అంటే ఏడు నెలల పని. పేరున్న ట్రైనర్ పక్కన నిలబడో, షెల్టర్‌లో కుక్కలతోనో ఈ గంటలు పూర్తి చేయండి. ప్రతిసారీ నోట్‌బుక్‌లో తేదీ, కుక్క వయసు, ఏం నేర్పారు, పదిసార్లలో ఎన్నిసార్లు చేసింది అన్నది రాసుకోండి. పరీక్ష తర్వాత రాయొచ్చు. ఈ గంటలు లేకుండా డబ్బు తీసుకోవడం మాత్రం తప్పు.

ఆ గంటల్లో చేతికి ఏం అబ్బుతుందో 'సిట్' ఒక్కటి చూసినా తెలుస్తుంది. ఉడికించిన చికెన్‌ని శనగగింజలో సగమంత ముక్కలు చేయాలి. ముక్కను ముక్కు దగ్గర పెట్టి, తల మీదుగా మెల్లగా వెనక్కి తీసుకెళ్ళాలి. పిరుదులు నేలకు తగిలిన క్షణంలోనే "ఎస్" అనాలి, సెకనులోపు ముక్క నోట్లో పడాలి. చెయ్యి మరీ పైకెత్తితే కుక్క ఎగురుతుంది. ముక్క కోసం సంచిలో వెతుక్కుంటూ ఆలస్యం చేస్తే అది ఈలోగా లేచి నిలబడుతుంది. అప్పుడు మీరు బహుమతి ఇచ్చింది లేచినందుకు! పదింటికి ఎనిమిదిసార్లు చేశాకే "సిట్" అన్న మాట జోడించాలి, అదీ ఒక్కసారే పలకాలి. ఒక్కో విడత ఐదు నిమిషాలు, రోజుకు మూడు విడతలు చాలు.

పోలీసు, ఆర్మీ డాగ్ స్క్వాడ్లలో చేసి వచ్చినవాళ్ళ అనుభవం గొప్పది. హైదరాబాద్ దగ్గర మొయినాబాద్‌లో మన పోలీసు కుక్కలకిచ్చే శిక్షణ ఆషామాషీ కాదు. కానీ అక్కడ ఏరి తెచ్చిన కుక్క, దానికో హ్యాండ్లర్, రోజంతా అదే పని. ఇంట్లోనేమో పాప "సిట్" అంటుంది, నానమ్మ "కూర్చో" అంటుంది, వాచ్‌మన్ "బైఠో" అంటాడు. కుక్క కంటే ముందు ఆ ముగ్గురికీ ఒకే మాట అలవాటు చేయాలి. ఇంటి ట్రైనింగ్‌లో సగం పని మనుషులతోనే.

చదువు నిజంగా అక్కరకొచ్చేది గుర్రుమనే కుక్క దగ్గర. అన్నం గిన్నె దగ్గరకెళ్తే గుర్రుమంటోందని కొడితే గుర్రు ఆగుతుంది, భయం ఆగదు. తర్వాతిసారి హెచ్చరిక లేకుండానే కరవొచ్చు. ఒళ్ళు బిగబట్టడం, పెదాలు నాకడం, కంటి తెల్లగుడ్డు కనిపించేలా ఓరగా చూడటం, ఇవన్నీ గుర్రు కంటే ముందొచ్చే సైగలు. హఠాత్తుగా కోపం మొదలైన కుక్కను ముందు డాక్టరుకి చూపించమనండి. చెవిపోటో, తుంటి నొప్పో ఉండొచ్చు. కరిచే కుక్కల కేసులు తీసుకోవాలంటే మాత్రం గట్టి చదువూ, పెద్ద ట్రైనర్ అండా ఉండి తీరాలి. మొదటి ఏడాది వాటి జోలికి వెళ్ళకండి.

కోర్సు ఫీజు కట్టేముందు మీ ఒంటికి రేబిస్ టీకా వేయించుకోండి. మొదటి రోజు, 7వ రోజు, 21 లేదా 28వ రోజు, మొత్తం మూడు డోసులు. తర్వాత ఎప్పుడైనా కరిస్తే సబ్బుతో, ధారగా పడే నీళ్ళ కింద 15 నిమిషాలు కడిగి, ఆ రోజు ఒక డోసు, మూడు రోజుల తర్వాత ఇంకొక్క డోసు వేయించుకుంటే సరిపోతుంది. ఇమ్యునోగ్లోబ్యులిన్ (గాయం దగ్గర ఇచ్చే తయారు యాంటీబాడీల ఇంజెక్షన్) అక్కర్లేదు.

చిన్న వ్యాపారాలకిచ్చే ఉద్యం రిజిస్ట్రేషన్ ఆన్‌లైన్‌లో ఉచితం. ఏడాది రాబడి 20 లక్షలు దాటితే జీఎస్టీ. కొత్త కుక్క వస్తే మొదటి రోజే దాని టీకాల కార్డు చూడండి, ఇదివరకు ఎవరినైనా కరిచిందా అని యజమానిని అడిగి రాయించుకుని సంతకం తీసుకోండి. విజిటింగ్ కార్డు మీద ఉత్తినే 'సర్టిఫైడ్' అని వేయకండి. ఎవరిచ్చారో, ఏ ఏడాది ఇచ్చారో కూడా వేయండి. ఇంకా రాకపోతే, ఎన్ని గంటలు పనిచేశారో ఆ అంకె వేయండి.