స్టీలు రంగు మారకుండా రబ్బరు అతికించడం: నా అనుభవం

బొబ్బిలి గ్రోత్ సెంటర్‌లో మాది చిన్న రబ్బరు మోల్డింగ్ యూనిట్. 304 స్టెయిన్‌లెస్ స్టీలు రింగులకు ఈపీడీఎం అనే సింథటిక్ రబ్బరు పట్టించి, సీళ్లుగా పైడిభీమవరం వైపు మందుల కంపెనీలకు ఇస్తుంటాం. రబ్బరు ఎంత గట్టిగా పట్టినా, బయటికి కనిపించే స్టీలు మీద మరకుంటే వాళ్లు తీసుకోరు. అది న్యాయమే. మందు తయారయ్యే చోట ఆ మరకకి పూచీ ఎవరు పడతారు?

ఒక లాటు మొత్తం అలాగే వెనక్కొచ్చింది. కొన్నిటి మీద గోధుమరంగు మచ్చలు, కొన్నిటికి రబ్బరు అంచున నీలి ఛాయ. చూసినవాళ్లంతా, రబ్బరును అచ్చులో వేడిగా నొక్కే ప్రెస్ వేడి తగ్గించమన్నారు. నాకు ఆ మాట మింగుడుపడలేదు. మా ప్లేట్లు నడిచేది 160 డిగ్రీల దగ్గర. 304 స్టీలు వట్టి వేడికి లేత పసుపు తిరగాలన్నా దాదాపు 290 డిగ్రీలు కావాలి. తేల్చుకోడానికి, శుభ్రంగా తుడిచిన రింగునొకదాన్ని రబ్బరు లేకుండా అదే అచ్చులో అంతసేపూ ఉంచాం. తెల్లగానే బయటికొచ్చింది.

మా ప్రెస్ ఆపరేటర్ మరకపడ్డ రింగును కిటికీ వెలుతురులో వాల్చి చూసి, “ఇది వేడికొచ్చింది కాదు బాబూ, ఏలిముద్రలు సూడండి” అన్నాడు. నిజమే. బొటనవేలి గీతలు ఒక్కొక్కటీ గోధుమరంగులో కాలి అంటుకుపోయాయి. అప్పట్నుంచి అసిటోన్‌తో తుడిచాక గ్లౌజు లేని చెయ్యి రింగు మీద పడనివ్వడం లేదు. తుడిచే గుడ్డ తెల్లగా వచ్చేదాకా గుడ్డ మారుస్తూనే ఉంటాం.

మిగతా గోధుమ మచ్చలు, రబ్బరు అంటడానికి స్టీలుకు ముందుగా పూసే ప్రైమర్‌వి. బ్రష్ గీత దాటి పడ్డ చోట ఆ పొర వేడికి ముదిరిపోతోంది. రబ్బరు రాని భాగానికి వేడికి తట్టుకునే పాలీఇమైడ్ టేపు చుట్టి ప్రైమర్ వేయడం మొదలుపెట్టాం. టేపు జిగురు సిలికాన్‌ది; రబ్బరు పట్టే చోటికి అంటితే బంధం ఊడుతుంది. అందుకే టేపు చుట్టే పని ఒకే మనిషికి అప్పగించాను.

నీలి ఛాయ మాత్రం దేనికీ లొంగలేదు. అది ఫ్లాష్ (అచ్చు సందుల్లోకి పొంగిన పల్చటి రబ్బరు) కిందే వస్తోంది, అంటే రబ్బరు మిశ్రమమైన కాంపౌండ్‌లోంచి. మాది గంధకంతో పండే, అంటే క్యూరింగ్ అయ్యి గట్టిపడే కాంపౌండ్. క్యూరింగ్‌లో గంధకం, ఆ పండడాన్ని వేగం చేసే ఆక్సిలరేటర్లు వదిలే ఆవిర్లు ఆ సందులో చిక్కుకుంటున్నాయని నా అనుమానం. డైక్యుమైల్ పెరాక్సైడ్‌తో పండే ఈపీడీఎంకి మారగానే నీలం పోయింది. ఖర్చు ఎక్కువ, వాసన ఘాటు, దాన్ని స్టీలుకు అతికించడానికి తగిన బాండింగ్ ఏజెంటు వెతికి, రబ్బరును లాగి పట్టు చూసే పీల్ టెస్టు మళ్లీ చేయాల్సొచ్చింది. అయినా చేసి తీరాల్సిన మార్పే. సీలు నొక్కుడుకి అణిగిపోకుండా నిలవడంలో కూడా పెరాక్సైడ్‌దే పైచేయి.

ఇంతా అయ్యాక, వానాకాలంలో గోడౌన్‌లో ఉన్న సరుకు మీద సన్నటి తుప్పు చుక్కలు కనిపించాయి. రబ్బరు పట్టేలా స్టీలును గరుకు చేయడానికి గ్రిట్ అనే గట్టి రవ్వను జోరుగా కొట్టే పని, అంటే బ్లాస్టింగ్, బయట చేయిస్తాం. అక్కడ మామూలు ఇనుప సామాన్లకు వాడిన స్టీలు గ్రిట్టే మా రింగులకూ కొట్టారు. నమూనా రింగు మీద కాపర్ సల్ఫేట్ ద్రావణం రాసి ఆరు నిమిషాలు తడిగా ఉంచితే, ఇనుప రేణువు గుచ్చుకున్న చోటల్లా రాగి ఎర్రగా పేరుకుంది. ఇప్పుడు మాకోసం వేరే పెట్టిన తెల్ల అల్యూమినియం ఆక్సైడ్ గ్రిట్టే వాడాలని షరతు. బ్లాస్టింగ్ అయ్యాక సిట్రిక్ యాసిడ్‌లో పాసివేషన్ (పైన మిగిలిన ఇనుము తీసేసి తుప్పు పట్టకుండా చేయడం) చేసి, నీళ్లతో బాగా కడిగి, పూర్తిగా ఆరాకే ప్రైమర్. రబ్బరు పట్టించాక యాసిడ్‌లో ముంచం, అంచు దగ్గర బంధం దెబ్బతింటుందని.