నువ్వుల సంకరం: పూత దశ నుంచి మొదటి తరం గింజ దాకా

ఈ విడత మడిలో తొమ్మిది రకాల నువ్వులు వేశాను. తెల్లవి, నల్లవి, గోధుమ రంగువి. వరుసకూ వరుసకూ 30 సెంటీమీటర్లు, మొక్కకూ మొక్కకూ 15 సెంటీమీటర్లు ఎడం. గింజ మరీ సన్నం కాబట్టి మూడింతల ఇసుక కలిపి, రెండు సెంటీమీటర్ల లోతు దాటకుండా విత్తాను. నీళ్లు నిలవకపోతే చాలు, మొలక దశలో పెద్దగా చేసేదేమీ ఉండదు.

గింజల డబ్బాలు వరుసగా పెట్టి చూస్తే రంగే వైవిధ్యం అనిపిస్తుంది. పూత వచ్చాక చూస్తే ఆ లెక్క నిలబడలేదు. తెల్ల-2, నల్ల-1 గింజ రంగులో తప్ప మిగతా అన్నింట్లో అన్నదమ్ముల్లా ఉన్నాయి. తెల్ల-2, తెల్ల-4 మాత్రం అసలు ఒకే పంటేనా అన్నంత వేరు. తెల్ల-2 ఒక్క కొమ్మ కూడా వేయకుండా నిటారుగా పెరిగింది, కణుపు మూలలో ఒక్కో కాయ. తెల్ల-4 అడుగు నుంచే కొమ్మలు వేసింది, కణుపు మూలలో మూడేసి కాయలు. ఒక్క కాయ రకంలో పూకాడ మొదట్లో అటూ ఇటూ రెండు చిన్న పసుపు గ్రంథులు కనిపిస్తాయి. అవి పూలు కాబోయి ఆగిపోయిన మొగ్గలే. మూడు కాయల రకంలో అదే చోట నిజంగా పూలు పూస్తాయి.

అందుకే సంకరానికి, అంటే రెండు రకాలను కలిపి కొత్త మొక్క పుట్టించడానికి, తల్లిదండ్రుల్ని గింజ రంగు చూసి కాదు, మొక్క నడక చూసి ఎంచుకున్నాను. తల్లి తెల్ల-2, తండ్రి తెల్ల-4. తండ్రి ఆలస్యంగా పూసే రకం, రెండూ ఒకేసారి పూతకు రావాలని దాన్ని ముందే విత్తాను.

నువ్వుల పువ్వు తెల్లవారుజామున విచ్చుకుంటుంది. కాబట్టి పని ముందురోజు సాయంత్రమే మొదలు. మరుసటి ఉదయం విచ్చుకోబోయే మొగ్గ నిండుగా, తెల్లబారి ఉంటుంది. దాని పూరేకుల గొట్టాన్ని రెండు వేళ్లతో పట్టి మెల్లగా లాగితే చాలు, పుప్పొడి ఉండే కేసరాలు దానికే అతుక్కుని ఉంటాయి కాబట్టి గొట్టంతో పాటు ఊడివస్తాయి. ఇంత సులువుగా మగ భాగాన్ని తీసేయగలిగే పంటలు తక్కువ. మిగిలిన కీలానికి, అంటే ఆడ భాగపు కాడకు, పై కొన మడిచిన స్ట్రా ముక్క తొడిగాను. తండ్రి మొగ్గల కొనలకు దారం కట్టాను, లేకపోతే తేనెటీగలు మనకంటే ముందే లేచి పుప్పొడి కలిపేస్తాయి. ఉదయం తండ్రి పువ్వు తెంపి, గొట్టం చీల్చి, కేసరాలను తల్లి కీలాగ్రానికి (కీలం కొనకు) రుద్ది, మళ్లీ స్ట్రా తొడిగాను. చీటీ మీద తల్లి పేరు ముందు, తండ్రి పేరు తర్వాత.

కాయలు కట్టాయి, బాగానే లావెక్కుతున్నాయి. లోపలి గింజ రంగు చూసి సంకరం కుదిరిందో లేదో చెప్పలేం. గింజ పైపొర తల్లి కణజాలం, తండ్రి ఎవరైనా ఆ రంగు తల్లిదే. అసలు పరీక్ష మొలిచాకే. కొమ్మలు వేయడం బహిర్గత లక్షణం, అంటే తల్లిదండ్రుల్లో ఒక్కరి నుంచి వచ్చినా పైకి కనిపిస్తుంది. తల్లికి కొమ్మలు లేవు. కాబట్టి కొమ్మ వేసిన మొక్క సంకరం, నిటారుగా లేచింది తల్లి సొంత పుప్పొడితో పుట్టినది, పీకేయడమే. తల్లిగా తెల్ల-2నే పెట్టడానికి సగం కారణం ఇదే.

ఈ మధ్యలో వెర్రి తెగులు కూడా వచ్చింది. నల్ల-3లో కొన్ని మొక్కల చివర్లలో పూల బదులు పచ్చని ఆకుల గుత్తులు. దీపపు పురుగులు మోసుకొచ్చే ఫైటోప్లాస్మా అనే బ్యాక్టీరియా లాంటి సూక్ష్మజీవి పని ఇది. సోకినవి వెంటనే పీకేశాను. మిగతా రకాలు తప్పించుకున్నాయని వాటిని తట్టుకునే రకాలుగా రాసుకోలేదు, పురుగు వాటి మీద వాలకపోయి ఉండొచ్చు.

కాయ పగిలి గింజ రాలే సమస్యను ఈ సంకరంతో తీర్చాలని లేదు. పగలని కాయ ఉన్న మొక్క 1943లోనే వెనిజులాలో లాంగ్‌హామ్ అనే నువ్వుల శాస్త్రవేత్తకు దొరికింది. కానీ ఆ జన్యువుతో పాటు ముడుచుకున్న ఆకులు, వంకర కాండం, తక్కువ గింజ కూడా వచ్చిపడతాయి. నాకు కావలసింది కొమ్మలు లేకుండా మూడేసి కాయలు కాసే మొక్క. రెండూ అంతర్గత లక్షణాలే, అంటే తల్లిదండ్రులిద్దరి నుంచీ వస్తేనే కనిపిస్తాయి, కాబట్టి మొదటి తరంలో కనిపించవు. ఆ రెండు జన్యువులు విడివిడిగా నడిస్తే రెండో తరంలో పదహారింటికి ఒకటి. అంటే నూరు మొక్కలకు ఆరు. అందుకని వచ్చే విడత మిగతా రకాలకు తలా ఒక వరుసే ఇచ్చి, మడిలో సగం మొదటి తరానికి ఉంచుతున్నాను. తేనెటీగలు బయటి పుప్పొడి కలపకుండా వాటి మొగ్గలన్నింటికీ దారం కట్టాలి, బోలెడు దారం కావాలి.