అలైన్‌మెంట్ గీత ఎప్పుడు గట్టిపడుతుంది

హైదరాబాద్ చుట్టూ కొత్త రోడ్డు నక్షా బయటికొచ్చిన ప్రతిసారీ వినిపించే మాటలు కొన్ని ఉన్నాయి. "మా భూమిలకెళ్లే ఎందుకు పోవాలె? పక్కన సర్కారు భూమి ఉన్నది గద." "పెద్దోళ్ల ఫామ్‌హౌస్ దాకా సీదా వచ్చి అక్కడ్నే వంక తిరిగింది." ఇంకోవైపు వెంచర్ బోర్డుల వాళ్లు "ట్రిపుల్ ఆర్ జంక్షన్‌కు 5 నిమిషాలు" అని రంగులు వేయించి ఉంటారు. ధర్నాలో కోపం న్యాయమైనదే కావచ్చు. కానీ ఆ కోపాన్ని ఏ కాగితం మీద, ఏ తారీఖులోపు పెట్టాలో తెలియక చాలామంది ఓడిపోతున్నారు. అలైన్‌మెంట్ గీత, అంటే రోడ్డు ఎక్కడ పోవాలో నక్షాలో గీసిన దారి, ఇంకా మార్చగలిగేంత మెత్తగా ఉన్నప్పుడు రోడ్డెక్కని వాళ్లు అది గట్టిపడ్డాక ఎక్కుతున్నారు.

ముందు లెక్క చూడండి. ట్రిపుల్ ఆర్‌కు, అంటే ప్రాంతీయ వలయ రహదారికి, అనుకున్న వెడల్పు 100 మీటర్లు, అంటే 328 అడుగులు. కిలోమీటరు పొడవుకు 10 హెక్టార్లు, దాదాపు 25 ఎకరాలు పోతాయి. ఉత్తర భాగం సంగారెడ్డి నుంచి నర్సాపూర్, తూప్రాన్, గజ్వేల్, భువనగిరి మీదుగా చౌటుప్పల్ దాకా సుమారు 160 కిలోమీటర్లు. ఇప్పుడున్న ఔటర్ మొత్తం 158 కిలోమీటర్లే కాబట్టి, ఒక్క ఉత్తర భాగమే మరో ఔటరంత. దక్షిణ భాగం చౌటుప్పల్ నుంచి ఆమనగల్లు, షాద్‌నగర్, చేవెళ్ల వైపుగా తిరిగి సంగారెడ్డిలో కలుస్తుంది. 2025 ఆగస్టు చివర హైదరాబాద్ మహానగరాభివృద్ధి సంస్థ (హెచ్ఎండీఏ) ఈ దక్షిణ భాగంలో పడే సర్వే నంబర్లు ప్రకటించి, సెప్టెంబర్ 15 దాకా అభ్యంతరాలు తీసుకుంది. అమీర్‌పేటలోని ఆఫీసు ముందు రైతులు గుమిగూడింది అప్పుడే.

ఆ జాబితాలో నంబర్ కనిపించగానే భూమంతా పోయినట్టేనని భయపడేవాళ్లూ ఉన్నారు, నంబర్ లేదు కదా అని నిశ్చింతగా ఇంటికి పోయేవాళ్లూ ఉన్నారు. ఇద్దరిదీ తొందరపాటే. మొదటి జాబితాలో సర్వే నంబర్ ఉంటుంది తప్ప ఎన్ని గుంటలు పోతాయో ఉండదు. సర్వే నంబర్ 125లో 18 ఎకరాలుండి, అది 125/అ, 125/ఆ, 125/ఇ అని ఐదారుగురి మధ్య పంచుకుని ఉంటే, గీత తగిలేది ఒకరిద్దరికే కావచ్చు. పైగా పాత గ్రామ నక్షాను ఉపగ్రహ చిత్రం మీద పరిచినప్పుడు గట్లు కచ్చితంగా కలవవు. సెంటర్ లైన్ నుంచి చెరో పక్క 50 మీటర్లు కొలిచే రోడ్డుకు, నక్షా 20 మీటర్లు జరిగినా గట్టు మీదున్న బావి లోపలికో బయటికో పోతుంది. ఫోన్ పట్టుకుని చేలో నడిచి "లోపలే ఉంది" అని తేల్చేస్తే చాలదు. ఫోన్ జీపీఎస్‌కే ఐదు, పది మీటర్ల తేడా ఉంటుంది. నక్షా, టిపన్ (పొలం కొలతల పత్రం) నకలు తీసుకుని, మీసేవలో ఎఫ్-లైన్ (హద్దుల కొలత) దరఖాస్తు పెట్టి, మండల సర్వేయర్‌తో హద్దులు కొలిపించుకున్న కాగితం చేతిలో ఉంటే, తర్వాత జరిగే ఉమ్మడి సర్వేలో వాదించడానికి నిలబడే చోటు దొరుకుతుంది.

ఇక గీత ఎందుకు వంకర తిరుగుతుందన్న సంగతి. అనుమానాలన్నీ ఇక్కడే పుడతాయి, అన్నీ ఉత్తవి కూడా కావు. కాకపోతే ఆరోపణను నిలబెట్టాలంటే వంపు లెక్క తెలియాలి. గంటకు 120 కిలోమీటర్ల వేగానికి కట్టే రోడ్డులో వంపు వ్యాసార్ధం కనీసం 670 మీటర్లుండాలి, 1000 ఉంటే మంచిదని ప్రమాణాలు చెబుతాయి. ఒక ఊరిని తప్పించడానికి గీతను 300 మీటర్లు పక్కకు జరపాలనుకోండి. 1000 మీటర్ల వ్యాసార్ధంతో ఎడమకొక వంపు, కుడికొక వంపు తీసుకుంటే, జరగడానికే కిలోమీటరు పైన కావాలి. ఊరు దాటాక పాత దారిలోకి రావడానికి ఇంకో కిలోమీటరు. అంటే "మా నాలుగెకరాలు వదిలేయండి" అన్న కోరికకు జవాబుగా పక్క ఊళ్లో యాభై ఎకరాలు కొత్తగా గీతలోకి వస్తాయి. అందుకే ఒక్క రైతు పొలం చుట్టూ గీత వంగడం జరగని పని. ఎక్కడైనా అర కిలోమీటరులోపు గీత జరిగి మళ్లీ పాత చోటికి వచ్చిందంటే మాత్రం, అడగాల్సిన ప్రశ్న అదే: ఈ వంపుకు చెరువు, గుట్ట, ఆలయం, హైటెన్షన్ లైన్, ఏది కారణం? కారణం నక్షాలో కనిపించకపోతే ఆ మాట రాతపూర్వకంగా అడగండి. "పెద్దోళ్ల కోసం తిప్పారు" అని రాస్తే ఆఫీసులో అది ఆరోపణగా మిగిలిపోతుంది. "ఫలానా కిలోమీటరు దగ్గర వంపుకు సాంకేతిక కారణమేమిటి, తిరస్కరించిన ప్రత్యామ్నాయాల్లో ఎంత భూమి, ఎన్ని ఇళ్లు పోయేవి" అని రాస్తే ఫైల్లో జవాబు రాయాల్సి వస్తుంది.

ఇళ్లు తప్పించబోయి గీత చెరువు శిఖంలోకి, అంటే నీళ్లు నిలిచే నేలలోకి, జారడం మన దగ్గర మామూలే. సర్కారు భూమి, పరిహారం లేదు, ధర్నా చేసే పట్టాదారు లేడు. కానీ మన చెరువులు గొలుసుకట్టు. పై చెరువు అలుగు పారితే కింది చెరువు నిండాలి. ఆ పాటు కాలువకు అడ్డంగా ఆరేడు మీటర్ల ఎత్తు మట్టికట్ట వేసి కింద రెండు పైపులు పెడితే, పెద్ద వాన నాడు ఆ రోడ్డే ఆనకట్ట అవుతుంది. కట్టకు పైనున్న పొలాలు మునుగుతాయి, కిందున్న చెరువు ఎండుతుంది. నగరం లోపల నాలాల మీద జరిగింది ఇదే, ఇంకాస్త చిన్న కొలతలో. భవన నిబంధనల ప్రకారం 10 హెక్టార్లు, అంటే 25 ఎకరాలు దాటిన చెరువుకు 30 మీటర్ల బఫర్, అంతకన్నా చిన్నదానికి 9 మీటర్లు వదలాలి. 10 మీటర్లకు మించిన నాలాకు 9, లోపుదానికి 2. ఇల్లు కట్టేవాడి మీద ఇంత పట్టింపు ఉన్నప్పుడు రోడ్డు డిజైన్‌లో ప్రతి పాటు కాలువకూ తగినంత వెడల్పు కల్వర్టు ఉందా అని ఊరు అడగడంలో తప్పేముంది?

గీత గట్టిపడే వరుస జాతీయ రహదారుల చట్టంలో ఇలా ఉంటుంది. భూమి తీసుకోవాలనే ఉద్దేశంతో సెక్షన్ 3ఏ కింద గెజిట్ వస్తుంది. అది ప్రచురితమైన 21 రోజుల్లోపు 3సీ కింద రాతపూర్వక అభ్యంతరం ఇవ్వాలి. అధికారి మిమ్మల్నో మీ వకీలునో పిలిచి వినాలి, విన్నాక ఆయన ఇచ్చే ఉత్తర్వే అంతిమం. ఆ తర్వాత 3డీ. ఇది ప్రచురితమైన క్షణం భూమి కేంద్ర ప్రభుత్వానిది. మీరు ఇంకా దున్నుతూ ఉండొచ్చు, యాజమాన్యం మాత్రం మారిపోయింది. 3ఏ వచ్చిన ఏడాదిలోపు 3డీ రాకపోతే 3ఏ చెల్లదు, మళ్లీ మొదటికి రావాలి (కోర్టు స్టే ఉన్న కాలాన్ని ఈ ఏడాదిలో లెక్కించరు). అందుకే గెజిట్ తారీఖులను గోడ క్యాలెండర్ మీద రాసి పెట్టుకోవడం మేలు. రాష్ట్రం 2013 భూసేకరణ చట్టం కింద తీసుకునే రోడ్లకు దారి వేరు. అక్కడ సెక్షన్ 11 నోటిఫికేషన్ వస్తుంది, అభ్యంతరాలకు 60 రోజులు ఉంటాయి, ఏడాదిలోపు సెక్షన్ 19 ప్రకటన రావాలి. మీ చేతికొచ్చిన నోటీసు ఏ చట్టం కిందిదో మొదటి రెండు వాక్యాల్లోనే ఉంటుంది. 60 రోజులున్నాయనుకుని 21 రోజులు పోగొట్టుకోవద్దు.

నా లెక్కలో అసలైన అవకాశం ఈ గెజిట్ల కన్నా ముందే ఉంటుంది. మాస్టర్ ప్లాన్ దశలోనో, దక్షిణ భాగానికి వచ్చినట్టు ప్రతిపాదిత అలైన్‌మెంట్ దశలోనో గీత ఇంకా మట్టి మీద లేదు, రాళ్లు పాతలేదు, డీపీఆర్ (సమగ్ర ప్రాజెక్టు నివేదిక) డబ్బు ఖర్చు కాలేదు. 3ఏ వచ్చాక గీతను జరపమంటే కొత్త సర్వే నంబర్లకు కొత్త 3ఏ కావాలి, ఆ పని నెత్తికెత్తుకునే అధికారి అరుదు.

అభ్యంతరం ఎలా రాయాలి? ఒకే జిరాక్సు మీద రెండొందల సంతకాలు పెట్టి ఇస్తే రెండొందల అభ్యంతరాలకూ జవాబు ఒకే పేరాలో వస్తుంది. ఎవరి కాగితం వారిది ఉండాలి. పట్టాదారు పేరు, గ్రామం, మండలం, ఉప విభాగంతో సహా సర్వే నంబర్, మొత్తం విస్తీర్ణం, అందులో పోయేది, మిగిలేది. బోర్లు ఎన్ని, ఏ లోతు, బత్తాయి లేదా మామిడి చెట్లు ఎన్ని, వాటి వయసు, డ్రిప్ ఉంటే ఎన్ని ఎకరాలకు. ఫొటోలు తేదీతో. ఆ తర్వాత అభ్యంతరం. "భూమి మా తల్లి" అని రాయొద్దనను, అది నిజం కూడా. కానీ దాని పక్కనే "రోడ్డు పడితే తూర్పున 30 గుంటల త్రికోణం ముక్క మిగులుతుంది, దానికి దారి లేదు, బోరు పడమట ఉంది" అని ఉండాలి. కాగితం ఇచ్చి ఊరుకోకండి. రెండో ప్రతి మీద ఇన్‌వర్డ్ ముద్ర, నంబర్, తేదీ వేయించుకోవాలి. ఆన్‌లైన్లో పంపితే రసీదు తెరను ప్రింట్ తీసుకోవాలి.

దారి సంగతి విడిగా అడగాలి. ఇలాంటి రోడ్డుకు రెండు వైపులా కంచె ఉంటుంది, ఎక్కడ పడితే అక్కడ దాటలేరు. ఇవతల ఇల్లు, అవతల పొలం ఉన్నవాడు అండర్‌పాస్ దాకా చుట్టూ తిరగాల్సిందే. చిన్న వాహనాల అండర్‌పాస్ ఎత్తు 4 మీటర్లు. లారీ మీద ఎక్కించిన వరికోత మిషన్‌కు, గడ్డి మోపుల ట్రాక్టర్‌కు అది ఇరుకు. 5.5 మీటర్లది అడగాలి, అదీ బండ్లబాట పడే చోటే, నక్షాలో గీసి. తర్వాత అడిగితే కాంట్రాక్టు అయిపోయిందంటారు.

పరిహారం దగ్గర అందరినీ దెబ్బతీసేది పాత పాపమొకటి. మార్కెట్ విలువ కట్టేటప్పుడు సర్కారు రిజిస్ట్రేషన్ విలువను, చుట్టుపక్కల గత మూడేళ్ల రిజిస్ట్రేషన్లలో ఎక్కువ ధర పలికిన సగం దస్తావేజుల సగటును చూసి, ఏది ఎక్కువైతే అది తీసుకుంటారు. మన దగ్గర ఎకరం కోటిన్నరకు అమ్ముకుని కాగితం మీద పది లక్షలు రాసుకోవడం ఆనవాయితీ. స్టాంపు డ్యూటీ మిగిలిందని సంబరపడిన ఊరంతా భూసేకరణ రోజున ఆ పది లక్షల మీదే లెక్క కట్టించుకోవాలి. గ్రామీణ ప్రాంతంలో ఆ విలువను హెచ్చించే గుణకం 1 నుంచి 2 దాకా ఉండొచ్చు, వచ్చినదానికి నూరు శాతం సొలేషియం (ఊరట మొత్తం) కలుస్తుంది. పది లక్షల మూలానికి గుణకం 1 అయితే 20 లక్షలు, 2 అయితే 40 లక్షలు, పైన నోటిఫికేషన్ నుంచి అవార్డు (పరిహారం తేల్చే ఉత్తర్వు) దాకా మూల విలువ మీద ఏడాదికి 12 శాతం. బయటి ధర కోటిన్నర. ఊళ్లో ఎవరైనా నిజమైన ధరకు రిజిస్టర్ చేయించుకుని ఉంటే ఆ దస్తావేజు నకళ్లు వెతికి తెచ్చి పెట్టడం ఒక్కటే ఇక్కడ పనికొచ్చేది.

రికార్డు సరిగ్గా లేని భూమికి డబ్బు చేతికి రాదు. తండ్రి పోయి పదేళ్లయినా విరాసత్ (వారసుల పేరు మార్పిడి) కాకపోవడం, సాదాబైనామా (రిజిస్టర్ కాని తెల్లకాగితం) మీద కొనుక్కుని దున్నుతున్నా పాస్‌బుక్ పాత పట్టాదారు పేరునే ఉండడం, అన్నదమ్ముల వాటాలు నోటిమాట మీదే ఉండడం. వాటాల్లో తగాదా తేలకపోతే మొత్తాన్ని సివిల్ కోర్టుకు పంపే వీలు చట్టంలో ఉంది. గీత ఇంకా పెన్సిల్‌తో ఉన్నప్పుడే ఇవి సరిచేసుకోవాలి.

ఇళ్ల స్థలాల వైపు మోసం ఇంకో రకం. లేఅవుట్‌లోంచి మాస్టర్ ప్లాన్ రోడ్డు వెళ్తుంటే ఆ మేరకు భూమిని అనుమతి ఇచ్చే సంస్థకు ఉచితంగా గిఫ్ట్ డీడ్ చేస్తేనే అనుమతి వస్తుంది. కొందరు తాత్కాలిక లేఅవుట్ చూపించి, ఆ రోడ్డులో పడే ప్లాట్లకూ నంబర్లు వేసి అమ్మేస్తారు. కొనేముందు ఫైనల్ ఎల్పీ (లేఅవుట్ పర్మిట్) నంబర్‌తో ఆమోదించిన నక్షా అడిగి, అందులో చుక్కల గీతగా ఉన్న వంద లేదా రెండొందల అడుగుల రోడ్డు మీ ప్లాట్ నంబర్‌కు ఎంత దూరమో స్కేలు పెట్టి చూడండి. హెచ్ఎండీఏకు తనఖా పెట్టిన 15 శాతం ప్లాట్లలో మీది లేదని కూడా. 'ఫామ్ ప్లాట్' అని గుంటల్లో అమ్మేవాటికి ఈ నక్షాయే ఉండదు, అడగడానికీ చోటు లేదు.

నగరం లోపలి రోడ్డు వెడల్పు విషయంలో లెక్క తేలిక. 30×60 అడుగుల, అంటే 200 గజాల స్థలంలో ముందువైపు 15 అడుగులు పోతే 50 గజాలు పోయినట్టు. డబ్బుకు బదులు టీడీఆర్ (బదలాయించుకునే నిర్మాణ హక్కు) ఇస్తామంటారు. 2017 నాటి ఉత్తర్వు రోడ్డు వెడల్పుకిచ్చిన స్థలానికి 400 శాతం దాకా నిర్మాణ హక్కు చెప్పింది. అది బిల్డర్లకు అమ్ముకునే కాగితం, దాని ధర ఆ రోజు కొనేవాళ్లను బట్టే ఉంటుంది.

మళ్లీ ఆ త్రికోణం ముక్క దగ్గరికి. గీత కదలదని తేలిపోయాక కూడా అడగడానికి మిగిలేది అదే. జాతీయ రహదారుల చట్టం 3జీలో, భూమి రెండు ముక్కలవడం వల్ల మిగిలినదానికి జరిగే నష్టాన్ని కూడా పరిహారంలో లెక్కించాలని ఉంది. విచారణ రోజున 30 గుంటల ముక్కకు దారి లేదని, నీరు లేదని, ట్రాక్టర్ తిరగదని కొలతలతో రాసిచ్చినవాళ్ల అవార్డులోనే ఆ పద్దు ఉంటుంది. తక్కువ కట్టారనుకుంటే ఆర్బిట్రేటర్ (మధ్యవర్తి) దగ్గరికి వెళ్లొచ్చు, అక్కడ చూపించాల్సిందీ ముద్ర పడిన ఆ రెండో ప్రతినే.