రోలర్ల మీద కారు, తెర మీద అబద్ధం

సైలెన్సర్ మార్చాక నా 1200 సీసీ పెట్రోల్ కారు తక్కువ ఆర్‌పీఎంలో (ఇంజన్ నిమిషానికి తిరిగే చుట్లు తక్కువగా ఉన్నప్పుడు) నీరసించిందని నా అనుమానం. మార్చిన మెకానిక్ మాత్రం ‘అది మీ భ్రమ సార్’ అని కొట్టిపారేశాడు. తేల్చుకోవడానికి హైదరాబాద్ శివారులో డైనో (ఇంజన్ శక్తిని కొలిచే యంత్రం) ఉన్న ఒక వర్క్‌షాపుకు వెళ్లాను. మార్చకముందు కూడా అక్కడే ఒకసారి పరీక్ష చేయించాను కనుక పోల్చి చూడటం గంట పని అనుకున్నాను. సాయంత్రమైంది.

ముందు చక్రాలను రోలర్ల మీదికి ఎక్కించి, కారును బెల్టులతో బిగించి, ఎదురుగా పెద్ద ఫ్యాను పెట్టారు. నాలుగో గేరులో యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కగానే తెర మీద ఇంజన్ వేగం 11,800కు చేరింది. డ్యాష్‌బోర్డులో ముల్లు 6,000 దగ్గరే ఉంది. టార్క్ (ఇంజన్ తిప్పే బలం) గీత సగానికి సగం కిందికి జారింది. హార్స్‌పవర్ మాత్రం ఎప్పటిలాగే ఉంది.

విచిత్రంగా తోచిందిగానీ, ఆలోచిస్తే కారణం అందులోనే ఉంది. ఈ రకం డైనో బరువైన రోలరు ఎంత త్వరగా వేగం పుంజుకుందో చూసి శక్తిని లెక్కగడుతుంది. ఆ శక్తిని ఇంజన్ వేగంతో భాగించి టార్క్ చెబుతుంది. అంటే హార్స్‌పవర్‌కు ఆర్‌పీఎంతో పని లేదు, టార్క్‌కు అదే ఆధారం. నా గొడవంతా టార్క్ గురించే!

ఆర్‌పీఎం కోసం ఆపరేటరు ప్లగ్గుకు స్పార్కు అందించే ఒక కాయిల్ వైరుకు, ఆ స్పార్కులను లెక్కించే క్లిప్పు తగిలించాడు. పాత కార్లలో ప్లగ్గు వైరు పొడవుగా బయటికే ఉండేది, దానికి తగిలిస్తే సరిపోయేది. ఇప్పుడు ప్రతి ప్లగ్గు నెత్తిన ఒక కాయిల్ కూర్చుంటుంది, వైర్లన్నీ ఒకే కట్టలో వెళతాయి. ఫోర్ స్ట్రోక్ ఇంజన్‌లో ఒక ప్లగ్గు రెండు చుట్లకు ఒకసారే వెలగాలి. మా క్లిప్పు పక్క కాయిల్ స్పార్కును కూడా లెక్కేసుకుంటోంది. వైరును కట్టలోంచి విడదీసి తగిలిస్తే 4,500 దాకా బుద్ధిగా ఉండి, ఆపైన మళ్లీ గంతులు వేసింది.

ఇంజన్‌తో పాటే తిరిగే క్రాంక్ పుల్లీకి మెరిసే టేపు అంటించి కాంతి సెన్సరుతో చదువుదామా అంటే, అది కారు చక్రం వెనుక ఇరుకులో ఉంది. కారు కంప్యూటర్ లెక్కలు చదివే ఓబీడీ సాకెట్ నుంచి తీసుకుంటే అంకె నిజమే, కానీ ఆలస్యంగా వస్తుంది. ఇంజన్ సెకనుకు 500 ఆర్‌పీఎం చొప్పున పెరుగుతున్నప్పుడు 0.3 సెకన్ల ఆలస్యమంటే 150 తేడా. గీత మొత్తం పక్కకు జరుగుతుంది.

“వేగం మారకపోతే ఆలస్యంతో ఇబ్బంది లేదు కదా?” అన్నాను.

ఆపరేటరు కుర్రవాడి ముఖం వెలిగింది. “అయితే నిలకడగా పట్టుకుందాం సార్.”

నాలుగో గేరులోనే ఓబీడీలో సరిగ్గా 3,000 చూపేలా పట్టుకున్నాడు. రోలరు వేగం గంటకు 82 కిలోమీటర్లు. క్లచ్ జారనంతవరకు, గేరు మార్చనంతవరకు ఈ నిష్పత్తి మారదు. ఇక క్లిప్పుతో పనేముంది? రోలరు వేగం నుంచే ఆర్‌పీఎం వస్తుంది. 5,000 దగ్గర పట్టుకుని సరిచూస్తే లెక్కకూ ఓబీడీకీ తేడా 20 మాత్రమే. టైరు కాస్త జారడం, వేగానికి కాస్త ఉబ్బడం ఉంటాయి కనుక ఆ మాత్రం క్షమించవచ్చు. గాలి ఒత్తిడి, బెల్టుల బిగువు మాత్రం ఒక్కో పరుగుకు ముందు నేనే దగ్గరుండి చూశాను.

పాత పరీక్షలోని రోలరు వేగాలు కంప్యూటర్‌లో భద్రంగా ఉన్నాయి. టైర్లు అవే కనుక దానికీ ఇదే నిష్పత్తి వేసి, రెండు గీతలను ఒకదాని మీద ఒకటి పెట్టించాను. 2,500 లోపు కొత్త సైలెన్సర్‌తో టార్క్ 5 న్యూటన్ మీటర్లు తగ్గింది. పైన 5,500 దగ్గర పెరిగింది ఒక్క హార్స్‌పవర్. ఊళ్లో ట్రాఫిక్‌లో అంత వేగం నేనెప్పుడు ముట్టాను?

పాత సైలెన్సర్ మా మేడ మీద పట్టా కింద ఉంది. ఆదివారం దింపాలి.